ప్రార్థన నూనె సీసా మీద ఏం రాసి ఉంది?



ఈ వారం వాక్యం కంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆదివారం ఆరాధనలో చెప్పేశాను. కానీ బెంగళూరులో, చెన్నైలో పనులకు పోయిన మన బిడ్డలు చాలామంది ఇక్కడే చదువుతారు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను.

ఏడెనిమిదేళ్ళుగా రోగులకు పూసి ప్రార్థన చేసే ఒలీవ నూనె నేను తిరుపతికి పోయినప్పుడు కొంటూ వస్తున్నాను. ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ. ఇంటికి తెచ్చి చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాల్లో పోసి, ప్రార్థించి, అడిగినవాళ్ళకు ఇచ్చేవాణ్ణి. పెద్ద సీసా మీద ఏం రాసి ఉందో ఒక్కసారి కూడా చదవలేదు. ఒలీవ కొమ్మ బొమ్మ ఉంది, ఆలివ్ ఆయిల్ అని పెద్ద అక్షరాలు ఉన్నాయి, అంతే చాలనుకున్నాను.

పోయిన వానాకాలంలో మన సంఘంలోని ఒక అవ్వ మనవడు మా ఇంటికొచ్చాడు. ఫార్మసీ చదివే పిల్లోడు. గడప దగ్గరే నిలబడి, "అయ్యగారూ, మా అవ్వ పొద్దున్నే ఒక చెంచా ప్రార్థన నూనె తాగతా ఉండాది. మీరు పోసే పెద్ద సీసా ఒకసారి చూడొచ్చునా?" అన్నాడు. తెచ్చి ఇచ్చాను. వెనక్కి తిప్పి, ఏమీ మాట్లాడకుండా ఒక చోట వేలు పెట్టి చూపించాడు. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, పైపూతకు మాత్రమే అని. కలిపిన పదార్థాల వరుసలో మొదటి పేరు లిక్విడ్ పారాఫిన్. అంటే పెట్రోలియం నుంచి తీసే నూనె. ఒలీవ నూనె ఆ తర్వాత వస్తుంది, దాని వెనక సువాసన. అది ఒళ్ళు మర్దనకూ తలకూ పూసుకునే సరుకు.

అవ్వకు ఏమీ కాలేదు, దేవునికి స్తోత్రం. అయితే ఆ పిల్లోడు ఇంకో సంగతి చెప్పాడు. నూనె తాగుతున్నాను కదా అని అవ్వ బీపీ మాత్రలు మానేసి రెండు నెలలు అయిందంట. నేను మానమని చెప్పలేదు. మానొద్దని కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మూడు రోజులు బండి మీద ఊళ్ళు తిరిగి ఇచ్చిన సీసాలన్నీ వెనక్కి అడిగి తీసుకున్నాను. అది చిన్న పని కాదు. ఒకరింట్లో సీసా ఆవుల కొట్టంలో వాసానికి కట్టి ఉంది. ఇంకొక సహోదరి సీసా చేతికిస్తూ, "ఏమయ్యా, శక్తి అయిపోయినాదా?" అని అడిగింది. ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో అప్పుడు నాకు తోచలేదు.

ఆ తర్వాత నూనె సంగతి కొంచెం నేర్చుకున్నాను. మన చిత్తూరు సీమవాళ్ళకు చెనిక్కాయలతో చెబితే ఇట్టే అర్థమవుతుంది. గానుగలో విత్తనాలు వేసి ఆడితే నూనె దిగుతుంది, చెక్క మిగులుతుంది. ఆ చెక్కలో ఇంకా కొంచెం నూనె ఉంటుంది. మనమైతే దాన్ని ఆవులకు పెడతాం. ఫ్యాక్టరీల్లో హెక్సేన్ అనే రసాయనంతో ఆ మిగిలిన నూనె కూడా లాగి, శుద్ధి చేసి, రంగూ వాసనా తీసేస్తారు. ఒలీవలకూ ఇదే కథ. పండ్లను నలగ్గొట్టి, రసాయనం కలపకుండా, ఎక్కువ వేడి తగలనీయకుండా తీసిన మేలురకానికి ఎక్స్‌ట్రా వర్జిన్ అని పేరు. అందులో ఆమ్లం వంద గ్రాములకు 0.8 గ్రాము దాటకూడదని ప్రమాణం. పిప్పిలోంచి రసాయనంతో లాగి శుద్ధి చేసిన దానికి కొంచెం మంచి నూనె కలిపి అమ్మేది పోమేస్ ఆయిల్. అది విషం కాదు, వేపుళ్ళకు వాడుకోవచ్చు. కానీ పోమేస్ అన్న మాట సీసా మీద ఎక్కడో చిన్నగా ఉంటుంది, మనం పెద్ద అక్షరాలు చూసి పెద్ద ధర ఇచ్చి వస్తాం. ప్యూర్ అని, లైట్ అని ఉన్నవి కూడా ఎక్కువ భాగం శుద్ధి చేసిన నూనెలే. లైట్ అంటే కొవ్వు తక్కువ అనుకునేరు. రుచీ రంగూ పలచన, అంతే.

కొనాల్సి వస్తే ముందు సీసా వెనక్కి తిప్పండి. తినే నూనె అయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటాయి. దిగుమతి చేసినవాళ్ళ పేరు, చిరునామా, తేదీలు ఉంటాయి. ఇటలీ జెండా చూసి మురిసిపోవద్దు, ప్రపంచంలో ఎక్కువ ఒలీవ నూనె తీసేది స్పెయిను. ఇటలీలో సీసాకెత్తినంత మాత్రాన పండ్లు అక్కడివే కానక్కరలేదు. ముదురు రంగు గాజు సీసా గానీ డబ్బా గానీ మేలు, వెలుగూ వేడీ నూనెను పాడు చేస్తాయి. మే నెలలో మన తిరుపతి ఎండ తగిలే అద్దాల బీరువాలో పెట్టిన సీసాను ముట్టుకోకండి. తేదీ ఎంత దగ్గరిదైతే అంత మంచిది. పెద్దది కొని ఏడాది దాచుకునేకంటే చిన్నది కొని రెండు నెలల్లో వాడేసుకోవాలి. ఫ్రిజ్‌లో పెడితే గడ్డ కడితే అసలైనదని ఫోన్లలో తిరిగే మాట నమ్మొద్దు. పచ్చగా ఉంటే మంచిదన్నదీ అంతే. ఈ నూనె రుచి చూసి తేల్చే నిపుణులు ముదురు నీలం గ్లాసు వాడతారు, రంగు కంటికి కనబడి మోసం చేయకూడదని. తాజా నూనె కొంచెం చేదుగా ఉండి గొంతులో కారంగా తగులుతుంది. పాతబడింది మాత్రం ముక్కిన చెనిక్కాయల వాసన వస్తుంది. ఆ వాసన మనకొకరు నేర్పాల్సిన పని లేదు.

సభల దగ్గర పరిశుద్ధ దేశపు నూనె అని అరచేతిలో ఇమిడే సీసాలు అమ్ముతుంటారు. పింఛను డబ్బులు తీసి కొన్న అవ్వలను చూశాను. తయారుచేసినవాళ్ళ పేరు, తేదీ, లైసెన్సు లేని సీసాను, ఎంత గొప్ప ఊరి పేరు చెప్పినా, కొనకండి. ఈ మాటకు కొందరు సేవకులకు నా మీద కోపం రావచ్చు. రానీ.

వాక్యం దగ్గరికి వస్తే, నిర్గమకాండము 27వ అధ్యాయంలో దేవుడు దీపం కోసం కూడా దంచి తీసిన స్వచ్ఛమైన నూనె తెమ్మన్నాడు. నేను రోగి నుదుటికి ఏది చవకైతే అది తెచ్చాను. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యాకోబు పత్రిక 5:14, 15 కూడా మళ్ళీ చూడండి. పెద్దలు నూనె రాస్తారు, స్వస్థత మాత్రం విశ్వాస ప్రార్థనకూ ప్రభువుకూ చెందింది. తాగమని అక్కడ లేదు. లూకా 10లో సమరయుడు గాయాల మీద నూనె పోసి కట్టు కట్టి, అంతటితో ఊరుకోలేదు. పూటకూళ్ళ ఇంటికి మోసుకెళ్ళి, చూసుకోమని డబ్బు కూడా ఇచ్చాడు. మన ప్రాంతంలో సువార్త చెప్పినవాళ్ళూ అదే చేశారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగులకు ఆసుపత్రి కట్టింది మిషన్లవాళ్ళే. మనం బస్సెక్కి పోయే వేలూరు ఆసుపత్రిని మొదలుపెట్టిన ఐడా స్కడర్ కూడా మిషనరీ బిడ్డే. వాళ్ళు ప్రార్థన చేశారు, మందూ ఇచ్చారు.

ఇంకొకటి. ఆ దేశంలో ఒలీవ నూనె కొనితెచ్చుకునే వింత సరుకు కాదు. సారెపతు విధవరాలి బుడ్డిలో అడుగున మిగిలిన నూనె అదే. వంటకు అదే, దీపానికి అదే, పుండుకు అదే. గెత్సేమనే అన్న పేరుకు అర్థమే నూనె గానుగ. మనకు చెనిక్కాయ నూనె ఎంతో వాళ్ళకు అది అంత.

ఇదంతా ఆదివారం చెప్పాక, మంగళవారం ఆ అవ్వ ఇంటికి పోయాను. మంచం పక్కన గూట్లో మాత్రల అట్ట ఉంది, సగం ఖాళీ అయి. మనవడు దాని మీద పెన్నుతో పొద్దున, రాత్రి అని రాసి పెట్టాడు. నేను సంచిలోంచి కొత్త సీసా తీయబోతుంటే అవ్వ వద్దని చెయ్యి ఊపింది. లోపలికి పోయి స్టీలు గిన్నెలో నూనె తెచ్చింది. "మా చేన్లో చెనిక్కాయలే సామీ. నిన్ననే గానుగ ఆడించుకోనొస్తిమి. దీంతో చెయ్యకూడదా ప్రార్థన?" అంది.

వేలు ముంచి ఆమె నుదుటికి రాశాను. ఇల్లంతా పచ్చి చెనిక్కాయల వాసన. ప్రార్థన అయ్యాక మిగిలిన నూనె తాలింపుకు పనికొస్తుందని గిన్నె లోపలికి తీసుకుపోయింది.

సంఘ పెద్దల్లో ఇద్దరికి ఇది నచ్చలేదు. వచ్చే శనివారం కూర్చుని మాట్లాడుకుంటాం.