గింజా? నేలా?

మా వదిన, అంటే మావారి అక్కగారు. కొత్తపేటలో ఉంటుంది. వీధిలో ఎవరికి తలనొప్పి వచ్చినా పరుగెత్తే మనిషి, తన రొమ్ములో గడ్డను మాత్రం ఆర్నెల్లపాటు కొంగుచాటున దాచుకుంది. "పిల్ల పెళ్ళి కానీ, చూద్దాంలే" అనుకుందట! పెళ్ళయింది. తీరా చూపిస్తే చంకలోకి కూడా పాకిందన్నారు.

ఆపరేషనయ్యాక రిపోర్టు వచ్చింది. దాన్నిండా ప్లస్సులూ, మైనస్సులూ! హెర్‌-టూ ఎదురుగా ప్లస్సు.

"ప్లస్సంటే సంతోషించాలా అండీ?" అనడిగాను.

"అది కణం మీదుండే ఒక ప్రోటీను. మోతాదు మించితే కాన్సరు తొందరగా పెరుగుతుంది, పాకుతుంది. కానీ దాన్నే గురిచూసి పట్టుకునే మందుంది. ట్రాస్టుజుమాబ్‌. 1998లోనే అమెరికాలో అనుమతించారు" అన్నారు డాక్టరమ్మ. అంటే దొంగే గానీ, ఆనవాలు దొరికిన దొంగ!

మా అత్తగారి సందేహం వేరు. "రొమ్ములోది చంకలోకి ఎందుకు పోయిందమ్మా?"

"కణాలు ఒకదాన్నొకటి అంటుకుని ఉండడానికి జిగురులాంటి ప్రోటీనుంటుంది మామ్మగారూ, ఇ-కాడెరిన్‌ అని. అది తగ్గితే కణం విడిపోవచ్చు. చుట్టూ ఉన్న గోడను కరిగించే ప్రోటీన్లు దానికి దారిస్తాయి. కానీ వెళ్ళిన ప్రతి కణమూ బతకదు. 1889లో లండన్‌లో స్టీఫెన్‌ పేజెట్‌ అనే డాక్టరు, రొమ్ము కాన్సరుతో పోయిన 735 మంది వివరాలు చూసి, గింజకు తగిన నేల దొరికితేనే మొలుస్తుందన్నాడు."

"చవిటి నేలలో వరి మొలవదని మాకు తెలీదూ! దానికి లండన్‌ దాకా ఎందుకూ?" అన్నారు అత్తగారు. కూతురు జబ్బుపడ్డాక ఆవిడ నోట ఎకసెక్కం వినడం అదే మొదలు.

ఇప్పుడు వేలకొద్దీ ప్రోటీన్లను ముక్కలుచేసి తూచే యంత్రాలున్నాయట. ప్రోటీన్లను అలా తూచే పద్ధతులు కనిపెట్టినందుకు జాన్‌ ఫెన్‌, కోయిచీ తనాకాలకు 2002లో నోబెల్‌ బహుమతిలో వాటా దక్కింది. మొదటి గడ్డనూ, పాకిన గడ్డనూ పక్కపక్కన పెట్టి, ఏ ప్రోటీను పెరిగిందో, ఏది తగ్గిందో లెక్క తీస్తారట. ఆ లెక్కల్లోంచే రేపటి మందులు రావాలి.

కానీ ఎంత గొప్ప యంత్రమైనా, మనం కొంగుచాటున దాచుకున్నదాన్ని తూచలేదు కదా!

వదినకి మూడు వారాలకోసారి ఇంజెక్షను. జుట్టు మళ్ళీ వస్తోంది. మొన్న మా ఇంట్లో పేరంటానికి వచ్చి, ఒక్కొక్కరి కాళ్ళకీ పసుపు రాస్తూ చెవిలో ఏదో అడుగుతోంది. ఏమిటా అని చెవి ఒగ్గాను.

"ఏమే, చూసుకుంటున్నావా? గడ్డలాంటిదేమైనా తగిలితే, పెళ్ళిళ్ళు ఆగుతాయిలే, నువ్వు ఆగకు!"