ముసలి కారునకు నవ్వు వాయువు

ముసలి యెద్దును బండలాగుడు పందెమునకు కట్టు రైతు మన పల్నాట కానరాడు. దాని వయస్సును, ఊపిరిని ఎరిగియే పని చెప్పును. యంత్రముల యెడ మాత్రము ఈ వివేకము మనలను విడిచిపోవుచున్నది.

నరసరావుపేటలో మా చెల్లెలి యింట ఒక పెట్రోలు అంబాసిడరు కారు కలదు. ఆ కార్ల తయారీ 2014తోనే ఆగిపోయినది. ఇది రెండు లక్షల కిలోమీటర్లకు పైగా తిరిగినది. నాలుగేండ్ల క్రిందట కాలము చేసిన మా మరిదిగారు ప్రతి శివరాత్రికిని మమ్మందరను దీనిలోనే కోటప్పకొండకు తీసికొనిపోయెడివారు. ఇప్పుడు తోటివారు దీనిని డబ్బాయని నవ్వుచుండగా వారి కుమారుడు సహింపలేకున్నాడు. “పెద్దమ్మా! దీనికి నైట్రస్ ఆక్సైడు సిలిండరు బిగింతును. మాచర్ల రోడ్డున కొత్త కార్లనే దాటవచ్చును. అమ్మచేత డబ్బిప్పింపుము” అని మమ్మడిగెను. తండ్రి కారునకు గౌరవము కోరు బిడ్డను వట్టి ‘వద్దు’తో త్రోసివేయుట మాకు న్యాయముగ తోచలేదు. కావున సంగతి విచారించితిమి.

ఈ వాయువు కొత్తది కాదు. 1772లో ప్రీస్ట్లీ పండితుడు దీనిని కనుగొనెను. పీల్చినవారికి నవ్వు వచ్చుటచే నవ్వు వాయువను పేరు కలిగినది. 1844లో హోరేసు వెల్సు అను అమెరికా దంతవైద్యుడు దీనిని పీల్చి తన పన్నునే తీయించుకొనెను. రెండవ ప్రపంచ యుద్ధమున జర్మనులు గాలి పలుచనైన ఎత్తులలో తమ విమానముల ఇంజనులకు దీనినందించిరి.

గాలిలో బరువునుబట్టి నూటికి 23 పాళ్లు ప్రాణవాయువు. దీనిలో 36 పాళ్లు. ఇది తాను మండదు, మంటను పెంచును. ఊదుడు గొట్టముతో పొయ్యి రాజుకొన్నట్లు, ఇంజనులో అధికముగ పెట్రోలు కాలి బలము పెరుగును. దానికి తగినంత పెట్రోలు అందనిచో వేడి మితిమీరి పిస్టనులే కరగవచ్చును. రింగులరిగి, ఆయిలు త్రాగుచు, నీలిపొగ విడుచు ఇంజను ఆ దెబ్బకు ఎట్లు తాళును? గాస్కెట్టు పోవచ్చును, బేరింగులు చెడవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, బలము పెరుగునది ఇంజనునకే; బ్రేకులు మాత్రము పాతవే.

మన ఎండల సంగతియు తలపవలెను. సిలిండరులో ఈ వాయువు ద్రవముగ నుండును. వేడి 36 డిగ్రీలు దాటినచో, ఎంత అదిమినను ద్రవముగ నిలువదు. లోపలి ఒత్తిడి వేగముగ పెరుగును. పల్నాటి వేసవిలో 40 డిగ్రీలు దాటుట వింత కాదు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఇక చెప్పవలెనా? ఒత్తిడి హద్దు మీరినచో రక్షణబిళ్ల పగిలి వాయువంతయు వెలికి వచ్చును. మూసిన కారులో అది నిండినచో ఊపిరికి గాలి కరవగును. ఇక 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షనులో, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని చెప్పుచున్నది.

ఇదంతయు వానికి విడమరచి చెప్పి, ముందు మేస్త్రీచేత కంప్రెషను చూపింపుమంటిమి. నాలుగు సిలిండర్లలో ఒకదాని బలము సగమునకు దిగినదట. వాడు కొంతసేపు మౌనముగ నుండి, “ఇంజను బోరుకు వచ్చినది పెద్దమ్మా. నాన్నగారున్నచో ముందిదే చేయించెడివారు” అనెను. మా చెల్లెలు మారుమాటాడక సొమ్ము తీసియిచ్చినది. కారిప్పుడు షెడ్డులో నున్నది. దానితోపాటు బ్రేకులును బాగగుచున్నవి.

సోదరీమణులారా! ఇంటి పెట్టె తాళము అనేక గృహములలో మనచేతనే యున్నది. బిడ్డలు యంత్రమునకై సొమ్మడిగినపుడు ‘మాకేమి తెలియు’నని ఇచ్చివేయకుడు, తెలియదను కారణముచే కసరుకొనకుడు. ఇంజను ఎంత అరిగినది? పెరిగిన వేగమునకు బ్రేకులు చాలునా? సిలిండరు ఎండలో ఎచ్చట నుండును? చట్టమొప్పునా? ఈ నాలుగు ప్రశ్నలడిగి, జవాబులు విన్న పిదపనే తాళము తీయుడు.