గ్యాలరీలో జాకెట్లు

ఫోన్ నిండిపోయిందేమిటా అని చూస్తే, గ్యాలరీలో సగం జాకెట్ మెడలే! పెళ్ళిళ్ళలో ఎవరెవరివో వెనకనుంచి తీసినవి కూడా ఉన్నాయండోయ్. మా అమ్మాయి పింటరెస్ట్‌లో బోర్డులు పెట్టిచ్చింది: బోట్ నెక్, పఫ్ చేతులు, పాత పట్టుచీరలతో కుట్టేవి. అక్కడితో ఆగక, అమ్మ కుట్టుపని నోటుబుక్కు కూడా ఫోటోలు తీశాను. పేజీకో గుడ్డముక్క, గుండుసూదితో గుచ్చి. ఒకచోట నా పేరు, ఛాతీ 26, పొడవు 28, పక్కన నీలం వాయిల్ ముక్క. ఆ గౌను నేనెప్పుడూ తొడుక్కోలేదు. ఆ ఏడే నాన్నకి జబ్బుచేసి మిషన్ అమ్మేశారు.

ఫోన్ చేసి అడిగాను. "ఆ గుడ్డ పెట్టె అడుగునే ఉందే. నీకిప్పుడు జాకెట్టుకి సరిపోతుందిలే" అంది అమ్మ.

ఆ పేజీని ఎవరికీ కనబడని సీక్రెట్ బోర్డులో పెట్టుకున్నాను. ఏ మెడ పెట్టాలో ఇంకా తేలలేదు. 140 ఉన్నాయి మరి.