ముద్ద దిగకపోతే మిరపకాయను తిట్టకండి

కొంచెం పెద్ద పోస్టు, తీరిక చేసుకొని చదవండి.

మా తండాలో ఎవరికైనా అన్నం గుండెల దగ్గర అడ్డం పడుతోందంటే ముందు నింద మిరపకాయ మీదే. "పొద్దస్తమానం మిరపకోతల్లో ఉంటావు, ఇంటికొచ్చి పచ్చడి మెతుకులు తింటావు, ఇంకేమవుద్ది" అంటారు. ఆ తర్వాత గ్యాసు అంటారు. ఆ తర్వాత దిష్టి. మా మేనత్త ఈ మూడూ దాటేసరికి రెండేళ్ళు పట్టింది. ముద్ద ముద్దకీ నీళ్ళు తాగేది. పోనుపోను నీళ్ళు కూడా ఆగేవి. రాత్రి పడుకుంటే తిన్నది గొంతులోకొచ్చి ఒకటే దగ్గు. బక్కచిక్కిపోతే టీబీ అన్నారు, కఫం పరీక్షలో లేదని వచ్చింది. చివరికి తెల్లటి బేరియం మందు తాగించి ఎక్స్‌రే తీస్తే, అన్నవాహిక పైన సంచిలా ఉబ్బి, కింద పిట్టముక్కులా సన్నగా ఉంది. దాని పేరు అకలేషియా.

ఏడాదికి లక్షమందిలో సుమారు ఒక్కరికి కొత్తగా వచ్చే జబ్బు ఇది. 1674లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు డాక్టరు దీని గురించి రాశాడు. తిమింగలం దవడ నుంచి తీసిన పుల్లకు స్పాంజి కట్టిచ్చి, తిన్నదాన్ని కడుపులోకి నెట్టుకోమన్నాడు. జబ్బు అంత పాతది, మా పల్లెలకే కొత్త.

ఇందులో అన్నవాహిక కండరంలోని నరాల కణాలు చచ్చిపోతాయి. ముద్దను కిందికి తోసే కదలిక ఆగిపోతుంది, కడుపు వాకిలి తెరుచుకోదు. కారం తింటే మంట రావచ్చు గానీ నరాలు చావవు. దక్షిణ అమెరికాలో చాగస్ జబ్బు తెచ్చే పరాన్నజీవి వల్ల ఇలాగే అవుతుంది. మిగతా చోట్ల మన ఒంట్లోని రక్షణ కణాలే నరాల మీద పడుతున్నాయని ఎక్కువమంది డాక్టర్ల అభిప్రాయం.

మిరపయార్డులో పనిచేసేవాళ్ళకు దగ్గొస్తే "ఇస్నోఫీలియా" అనటం విన్నారుగా. ఇసినోఫిల్ అంటే ఎలర్జీలో పెరిగే తెల్లరక్తకణం. అదే కణం అన్నవాహిక లోపలి పొరలో చేరితే వాపొచ్చి, కొన్నేళ్ళకు గొట్టం బిరుసెక్కి సన్నబడుతుంది. అప్పుడూ ముద్ద అడ్డం పడుద్ది. ఇది ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్, 1990ల్లో గానీ వేరే జబ్బుగా గుర్తించలేదు. పాలు, గోధుమ, గుడ్డు లాంటివి కొందరికి పడక వస్తుంది.

అకలేషియా ఉన్న కొందరి కండరంలోనూ ఈ కణాలు కనిపించాయి. అవి విడిచే ప్రొటీన్లు నరాలను దెబ్బతీయగలవు. అందుకే కొందరిలో అకలేషియాకు మూలం ఎలర్జీయేనా అని పరిశోధకులు అడుగుతున్నారు. తిరగేసి కూడా చూడొచ్చు, వాకిలి మూసుకుపోయి తిండి నిలవుండటం వల్లే పొర వాచి ఈ కణాలు చేరుతున్నాయేమో. ఇంకా తేలలేదు.

తేలకపోయినా మనకు పని ఉంది, ఎందుకంటే వైద్యం వేరు. ఎలర్జీ వాపుకు యాసిడ్ తగ్గించే బిళ్ళలు, మింగే స్టెరాయిడ్, పడని తిండి మానటం. అకలేషియాకు బెలూన్‌తోనో ఆపరేషన్‌తోనో వాకిలి తెరవాలి. నోట్లోంచే గొట్టం పంపి కండరం కోసే పోయెమ్ పద్ధతిని జపాన్ డాక్టర్ ఇనోవె 2008లో మొదలుపెట్టాడు, ఇప్పుడు హైదరాబాద్ ఏఐజీలోనూ చేస్తున్నారు. ఎండోస్కోపీలో గొట్టం మామూలుగా కనిపించినా ఇసినోఫిల్స్ ఉండొచ్చు. కాబట్టి "ముక్క తీసి పరీక్షకు పంపారా సార్?" అని అడగండి. అడిగితే డాక్టర్లేం కోప్పడరు, కోప్పడినా అడగండి.

మేనత్తకు ముక్క తీశారు, శుక్రవారం రిపోర్టు. అప్పటిదాకా రాగిజావే. హైదరాబాద్‌లో పేషెంటు వెంట ఉండేవాళ్ళకు చవకగా గది దొరికే చోటు ఎవరికైనా తెలిస్తే కింద రాయండి అన్నా, అక్కా.