బీరువాకు నకలు

ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డుకు సమీపంలోని ఒక ఇంటి వరండాలో ఏడాదిన్నర కాలం ఒక బీరువా తయారైంది. దానిని తయారుచేసినాయన రైల్వే కర్మాగారంలో బోగీల విభాగంలో వడ్రంగిగా చేరి, అక్కడే పదవీ విరమణ చేసిన తెలుగువాడు. పుట్టింది, పెరిగింది, పెళ్లి చేసుకొన్నది ఆ ఊళ్లోనే. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, పనిలో హిందీ, బజారులో బెంగాలీ. మూడు భాషలలోనూ మితభాషే.

ఆ ఇంట్లో బీరువాకు కొరత లేదు. ఇనుప బీరువాలు రెండున్నాయి. ఆయన చేయదలచింది తన తాత చేసిన టేకు బీరువాకు నకలు. అసలుది విజయనగరంలో అన్నగారి ఇంట ఉంది. తండ్రి పోయిన తరువాత జరిగిన పంపకాలలో అది పెద్దకొడుకు వాటాకు వెళ్లింది. అన్నదమ్ముల నడుమ కేకలు లేవు, కోర్టులు లేవు. రాకపోకలు మాత్రం తగ్గిపోయాయి. తండ్రి సంవత్సరీకానికి వెళ్లినప్పుడు అన్నగారు ఎవరితోనో “మా బీరువా” అనడం ఆయన చెవిన పడింది. ఆ తరువాత చాలా ఏళ్లు ఆయన ఆ గదిలో అడుగుపెట్టలేదు.

ఈ బీరువా పుట్టుక ఖరగ్‌పూర్ తెలుగువారి కథలో ఒక భాగమే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ సాల అడవుల అంచున ఈ ఊరిని జంక్షనుగా, కర్మాగారంగా నిలబెట్టింది. తూర్పు కోస్తా రైలుమార్గపు ఉత్తర భాగం 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాల నుంచి పనివారు ఇక్కడికి రావడం సులువైంది. కమ్మరులు, వడ్రంగులు, కలాసీలు వచ్చారు. మథురాకాటి, నిమ్‌పురా వంటి పేటలలో నేటికీ తెలుగు మాట వినిపిస్తుంది.

అలా వచ్చిన తాత బోగీల వడ్రంగి. ఆనాటి బోగీలకు చట్రం ఇనుముదైనా దేహమంతా టేకుదే. 1927లో కార్మికుల సంఖ్య తగ్గించడానికి యాజమాన్యం పూనుకోవడంతో కర్మాగారంలో సమ్మె జరిగింది, తలుపులు మూతపడ్డాయి. ఆ రోజులలో బి.ఎన్.ఆర్. కార్మికులకు నాయకత్వం వహించినవారిలో బరంపురంలో జన్మించిన వరాహగిరి వేంకటగిరి ఒకరు. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. పని లేని ఆ నెలలలో తాత ఒక దొర బంగళాలో చెదలు తిన్న బీరువాను బాగుచేసి, కూలికి బదులు మిగిలిన టేకు పలకలు అడిగి తెచ్చుకొన్నాడట. ఆ పలకలతో దొర బీరువాకు నకలు తీశాడు. అంటే మనవడు నకలు తీయబోయిన వస్తువు కూడా నకలే.

ఇందులో తలవంచుకోవలసినదేమీ లేదు. లండన్‌లో థామస్ చిప్పెండేల్ 1754లో తన నమూనాల పుస్తకాన్ని అచ్చు వేయించినది ఇతరులు చూసి చేసుకోవడానికే. ఆ శతాబ్దిలోనే విశాఖపట్నం వడ్రంగులు ఇంగ్లీషు బీరువాల, బల్లల ఆకృతులను తీసుకొని, వాటికి ఏనుగుదంతం పొదిగి, దంతంపై లతలు గీచి, ఆ గీతలలో నల్ల లక్క నింపి సీమ దొరలకే అమ్మారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అటువంటివి నేడు చూడవచ్చు. వాటిని చూసి ఇవి ఇంగ్లీషువారి నకళ్లు అని ఎవరూ పెదవి విరవరు. తాత దంతం పొదగలేదు కాని, తన ఇంటికి తగిన మార్పులు చేశాడు. దొర బీరువాకు గుండ్రని పొట్టి పాదాలుండేవట. తాత నిలువు కాళ్లు పెట్టాడు, చీమలు ఎక్కకుండా నీళ్ల పళ్లేలలో నిలపడానికి. అడుగు అరను ఆవకాయ జాడీ ఎత్తుకు సరిపెట్టాడు. పై సగం, కింది సగం విడదీసే ఏర్పాటును మాత్రం అలాగే ఉంచుకొన్నాడు. దొరల సామాను అలా విడివడేది బదిలీల కోసం. బదిలీ ఉత్తర్వు అందుకొన్న ఏ ఉద్యోగికైనా ఆ వడ్రంగి ముందుచూపు తెలిసివస్తుంది.

ఒక చలికాలంలో ఆయన టేపు, మూలమట్టం, ఒక నోటుపుస్తకం సంచిలో వేసుకొని రాత్రి బండికి విజయనగరం వెళ్లాడు.

“అన్నయ్యా, తాత బీరువా కొలతలు తీసుకొంటాను,” అన్నాడు.

“తీసుకోరా. కదపకు మాత్రం. మా బీరువాకు కాళ్లు వదులయ్యాయి,” అన్నారు అన్నగారు.

వదినగారు సొరుగులలోని బట్టలు తీసి మంచం మీద పెట్టింది. సొరుగు బయటికి లాగి తిరగేసినప్పుడు దాని వెనుక పలక మీద పెన్సిలు గీతలు కనిపించాయి. అక్షరాలు కావు. వడ్రంగి తన కోసం వేసుకొన్న అంకెలు, తెలుగు అంకెలు. ఆయన తెలుగు చదవగలడు, రాయగలడు. కాని బడిలో లెక్కలన్నీ 1, 2, 3లతోనే నేర్పారు. తాత చేతి అంకెలు మనవడికి చదవరాలేదు. ఆయన వాటిని అడగవలసిన విధంగా అడిగాడు, టేపు పట్టి. ౪౨ అని ఉన్న వెడల్పు నలభై రెండు అంగుళాలు తేలింది. ౧౮ అని ఉన్న లోతు పద్దెనిమిది. మధ్యాహ్నానికల్లా ఆయన నోటుపుస్తకపు మొదటి పేజీలో పది అంకెలూ వరుసగా చేరాయి. అరవై ఏళ్లు దాటిన మనిషి ఆ పూట బలపం పట్టినట్లయింది.

ఒక్కచోట మాత్రం అంకె, చెక్క ఏకీభవించలేదు. రెండు తలుపులకూ ౨౦ అనే రాసి ఉంది. ఎడమ తలుపు సరిగ్గా ఇరవై అంగుళాలు. కుడి తలుపు రెండు సూతులు తక్కువ. సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పరిశీలనగా చూస్తే కుడివైపు నిలువుకు ఆ రెండు సూతుల మందాన ఒక మామిడి బద్ద అతికించి, రంగు కలిపి ఉంది. దొర ఇచ్చిన టేకు అక్కడ చాలలేదన్నమాట. వానాకాలంలో ఆ తలుపు పట్టేయడం చిన్నతనం నుంచి ఇంటిల్లిపాదికీ తెలుసు. కారణం ఆనాడు దొరికింది. సరేసు జిగురు తేమకు మెత్తబడుతుంది, బద్ద కొద్దిగా లేస్తుంది, తలుపు దానికి ఒరుసుకొంటుంది.

కొత్త బీరువాకు కలప మేదినీపూర్‌లో దొరికింది, కూల్చిన ఇళ్ల తలుపులు, ద్వారబంధాలు అమ్మే దుకాణంలో. పాత టేకులో ఒక సుఖముంది, ఒక బాధ ఉంది. ఎండవలసినదంతా ఏనాడో ఎండి ఉంటుంది కనుక ఇక వంకర తిరగదు. అయితే లోపల మేకులు విరిగి ఉంటాయి. అయస్కాంతంతో వెదికి వెదికి తీసినా ఒకటి మిగిలిపోయి చిత్రిక అలుగును పళ్లు పళ్లుగా చేసింది. ఆ అలుగును సానరాతి మీద మళ్లీ దారికి తేవడానికి రెండు రోజులు పట్టింది.

ఆ తరువాతి నెలల పనిని చూసినవారికి పెద్దగా ఏమీ జరుగుతున్నట్లు తోచదు. తలుపు పలకను చట్రానికి జిగురుతో అతికించకూడదు. గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి. కలప వానాకాలంలో అడ్డంగా పెరుగుతుంది, చలికాలంలో తగ్గుతుంది. కదలడానికి చోటివ్వకపోతే పలక చీలుతుంది. సొరుగు మూలలలో పిట్ట తోకలా విచ్చుకొన్న డవ్‌టెయిల్ అతుకులు వేయాలి. యంత్రం కోస్తే అవన్నీ ఒకే కొలతతో వస్తాయి. తాత చేతిలో అంచు తోకలు సన్నం, నడిమివి వెడల్పు. ఆ పోలికను ఆయన వదలలేదు. మొదటి సొరుగు మూడుసార్లు పాడైంది. తాను చేరేనాటికి బోగీలలో కలప పని తగ్గుముఖం పట్టింది. పెరంబూరు కర్మాగారం 1955 నుంచి ఉక్కు బోగీలు తయారుచేస్తున్నది. ఆయన ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం బెర్తులకు ప్లైవుడ్ బిగించడంలోనే గడిచింది. డవ్‌టెయిల్ అతుకు తండ్రి దగ్గర నేర్చుకొన్నాడు, మరచిపోయాడు, ఇప్పుడు మళ్లీ నేర్చుకొన్నాడు.

జిగురు దగ్గర ఇంట్లో చర్చ జరిగింది. కొడుకు ఫెవికాల్ డబ్బా తెచ్చి పెట్టాడు. అది గట్టిదే. అయితే అతుకు ఒకసారి పడితే చెక్క విరగవలసిందే కాని ఊడదు. పశువుల తోళ్లు, ఎముకలు కాచి తీసే సరేసు వేడి, తేమ తగిలితే వదులుతుంది. అందువల్లనే పాత సామానును విప్పి బాగుచేయగలుగుతున్నారు. ఆయన సరేసునే ఎన్నుకొన్నాడు. టేకులో నూనె ఉంటుంది కనుక అతికే ముందు ప్రతి అతుకునూ స్పిరిట్‌తో తుడిచాడు. వరండా అంతా వ్యాపించిన ఆ కాపుడు వాసనకు ఇంటి ఇల్లాలు వారం రోజులు వంటింటి కిటికీ తెరవలేదు.

లక్క పూతకు దుర్గాపూజ వెళ్లేదాకా ఆగాడు. గాలిలో తేమ ఉంటే ఫ్రెంచి పాలిష్ తెల్లగా పొరలు కడుతుంది. పురూలియా జిల్లాలోని బలరాంపూర్, ఝాల్దా లక్క వ్యాపారానికి పేరుపడిన ఊళ్లు. లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి, దూదిని గుడ్డలో చుట్టి, పలుచగా, ఒకదానిపై ఒకటిగా పూతలు వేస్తూ పోవాలి. ఎన్ని పూతలని అడిగితే ఆయన చెప్పడు. చేతికి తెలుస్తుందంటాడు.

అప్పుడే పక్కింటి మిత్రుడు ఒక సలహా ఇచ్చాడు. పర్మాంగనేట్ నీళ్లు పూస్తే టేకు నల్లబడుతుంది, గొలుసుతో కొడితే నొక్కులు పడతాయి, సన్నని బెజ్జాలు వేస్తే పురుగు తిన్నట్లుంటుంది, నూరేళ్లదంటే నమ్ముతారు అని. నగరాలలో ఆ విద్యకు గిరాకీ ఉన్నది. 1972 నాటి పురావస్తువుల చట్టం పురావస్తువు అనిపించుకోవడానికి సాధారణంగా నూరేళ్ల వయస్సు నిర్ణయించింది. బజారుకు అంత ఓపిక లేదు. ఆయన నవ్వి, “దెబ్బలు మా మనవలు కొడతారులే, దాదా,” అన్నాడు.

కుడి తలుపు దగ్గర మాత్రం ఆయన చాలా రోజులు ఆగిపోయాడు. నకలంటే నకలే కదా, రెండు సూతులు తగ్గించి మామిడి బద్ద పెట్టాలా? తాతకు టేకు చాలక తగ్గించాడు. మనవడి వరండాలో టేకు మిగిలి ఉంది. లేని కొరతను ఉన్నట్లు చూపడం గొలుసుతో కొట్టడం వంటిదేనని ఆయనకు తోచింది. ఆ తీర్పు సబబైనదే. అయినా ఆ తలుపును ఇరవై అంగుళాలకు కోసిన రోజున ఆయన భోజనానికి ఆలస్యంగా లేచాడు. సొరుగు వెనుక పలక మీద కొలతలు పెన్సిలుతో తెలుగు అంకెలలోనే వేశాడు. ౨౦ రెండుసార్లు వచ్చింది.

మరుసటి ఆషాఢంలో అన్నగారు ఒక బంధువు పరామర్శకు ఖరగ్‌పూర్ వచ్చి, రాత్రికి తమ్ముడి ఇంట దిగారు. బయట జోరున వాన. బీరువా ఎదుట కుర్చీ వేసుకొని చాలాసేపు కూర్చున్నారు. ఎడమ తలుపు తెరిచారు, మూశారు. కుడి తలుపు అలవాటు ప్రకారం బలంగా లాగబోయి, అది సునాయాసంగా రావడంతో కుర్చీలో వెనక్కి ఒరిగారు.

“ఇది పట్టెయ్యదేమిరా?” అన్నారు.

తమ్ముడు మామిడి బద్ద సంగతి చెప్పాడు. అన్నగారు తలుపు అంచున వేలు రాస్తూ విన్నారు.

“అక్కడ మన బీరువా తలుపు ఈ వానలకు అసలు రావడమే మానేసింది. ఉలి పట్టుకొని ఓసారి రా,” అన్నారు.