వాన వెలిశాక సైకిల్‌కి 10 నిమిషాలు

సాయంత్రం ఆరున్నరకి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ క్లాస్ వదిలే టైమ్‌కి వాన పట్టుకుందంటే ఇక చూడాలి. మెట్రో స్టేషన్ కింద జనం, బస్టాప్‌లో జనం, మిర్చి బజ్జీల బండి మీద కప్పిన టార్పాలిన్ కింద కూడా జనమే. ఎల్బీ నగర్‌కి ఆటోవాళ్లు చెప్పే రేటు వింటే తడవడమే నయం అనిపిస్తుంది. నేను తడిసే బ్యాచ్. నాకు గేర్లు లేని సెకండ్‌హ్యాండ్ సైకిల్ ఒకటి ఉంది.

మెట్రోలో అయితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్బీ నగర్. మూడో స్టేషన్‌లో దిగిపోవచ్చు. 2018 సెప్టెంబర్ నుంచి ఈ రూట్‌లో రైళ్లు నడుస్తున్నాయి. కింద మనది విజయవాడ హైవే. సుమారు 4 కిలోమీటర్లు. పైన మెట్రో ఉంది కదా, గొడుగులా పనికొస్తుందనుకుంటే పొరపాటే. వాన నేరుగా పడకపోయినా, పక్కన వెళ్లే బస్సు ఒక్కసారి స్నానం చేయించి పోతుంది.

నీళ్లంటే ఉత్త నీళ్లు కాదు

ఈ రోడ్డుకి దగ్గర్లోనే సరూర్‌నగర్ చెరువు. 2020 అక్టోబర్ వానలకి దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. దానికి ముందు నెలలోనే, స్కూటర్ మీద వెళ్తున్న ఒకాయన వరదకి చెరువులోకి కొట్టుకుపోయి చనిపోయాడు. అందుకే నాది ఒకటే రూల్: రోడ్డు కనిపించకపోతే తొక్కను. దిగి, కాసేపు ఆగుతాను. నీళ్ల కింద గుంత ఉందో, మూత లేని మ్యాన్‌హోల్ ఉందో ఎవరికి తెలుసు?

ప్రాణం సంగతి సరే, సైకిల్ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పోయిన ఆగస్టులో ఒకరోజు బాగా తడిసి హాస్టల్‌కి చేరాను. సైకిల్‌ని మెట్ల కింద తోసేసి, టీ తాగి పడుకున్నాను. మూడు రోజులు దాని మొహం చూడలేదు. నాలుగో రోజు పొద్దున బయల్దేరితే చైన్ కిర్రుకిర్రుమంటోంది. లేటయిందని పట్టించుకోలేదు. చైతన్యపురి దగ్గర పూలగంపతో ఒక పెద్దమ్మ రోడ్డు దాటుతోంది. బ్రేక్ నొక్కాను. లివర్ బిగుసుకుపోయింది. కాలు నేలకి రాసి, సైకిల్‌ని డివైడర్‌కి గుద్దించి ఆపాను. చెప్పు తెగింది, మోకాలు చీరుకుపోయింది. గంప మాత్రం పడలేదు.

"కండ్లు కనిపిస్తలేవా బిడ్డా?" అంది పెద్దమ్మ. ఏం చెప్తాను?

కొత్తపేట గల్లీలో క్లాసు

తోసుకుంటూ కొత్తపేటలోని ఒక రేకుల షెడ్డుకి వెళ్లాను. అక్కడి మెకానిక్ చాచా బ్రేక్ వైరు లాగి చూపించాడు. ఎర్రగా తుప్పు. బ్రేక్ రబ్బర్లలో ఇసుక రేణువులు ఇరుక్కుని ఉన్నాయి.

"వానల తొక్కుడు తప్పు గాదు తమ్మీ. తొక్కినంక తుడవకపోవుడే తప్పు," అన్నాడు.

అప్పుడు ఆయన చెప్పిందే ఇప్పుడు నేను చేస్తున్నాను. ఇంటికి రాగానే ముందు మగ్గుతో మంచినీళ్లు పోసి బురద కడగాలి. కార్లు కడిగే ప్రెషర్ పైపు వద్దు. అది చక్రాల ఇరుసుల్లోకి, పెడళ్ల దగ్గరి బేరింగుల్లోకి నీళ్లు ఎక్కిస్తుంది, లోపలి గ్రీజు పోతుంది. తర్వాత సైకిల్‌ని గట్టిగా రెండుసార్లు నేలకి తట్టాలి. సీటు ఎత్తు గుర్తుపెట్టుకుని, సీటు రాడ్ బయటికి తీసి, సైకిల్‌ని తలకిందులు చేస్తే ఫ్రేమ్ లోపల చేరిన నీళ్లు కారిపోతాయి. మొదటిసారి నా సైకిల్ నుంచి దాదాపు ఒక టీ గ్లాసు నీళ్లొచ్చాయి!

ఆ తర్వాత పాత బనియన్‌తో చైన్ పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పాలి. గుడ్డకి నలుపు అంటడం తగ్గేదాకా తుడవాలి. చైన్ పూర్తిగా ఆరాకే ఆయిల్. తడి మీద ఆయిల్ వేస్తే నీళ్లు లోపలే ఉండిపోతాయి. ఒక్కో లింకుకి ఒక్క చుక్క చాలు, పైన మిగిలింది తుడిచేయాలి. లేకపోతే రోడ్డు మీది దుమ్మంతా దానికే అంటుకుంటుంది. కొబ్బరినూనె వేద్దామనుకుంటున్నారా? వద్దు, జిడ్డు కట్టేస్తుంది.

చివరగా బ్రేకులు. రిమ్ము తుడిచి, రబ్బర్లలోని ఇసుకని పాత టూత్‌బ్రష్‌తో తీసేయాలి. రిమ్ముకి గానీ రబ్బర్లకి గానీ ఆయిల్ చుక్క కూడా తగలకూడదు. వైర్లు కవర్‌లోకి వెళ్లే చోట ఒక చుక్క వేసి, లివర్ నాలుగైదుసార్లు నొక్కి వదలాలి. గబుక్కున వెనక్కి రాకపోతే వైరు మార్చాల్సిందే. టైర్లలో గాజు ముక్కలు గుచ్చుకున్నాయేమో వేలితో కాదు, గుడ్డతో తడిమి చూడండి.

మొత్తం 10 నిమిషాలు. ఒక్కరోజు బద్ధకిస్తే ఏమవుతుందో మోకాలి మీది మచ్చ గుర్తుచేస్తూనే ఉంటుంది.

మొన్న మళ్లీ దంచికొట్టింది. రాత్రి తుడిచి పెట్టాను. పొద్దున చైతన్యపురిలో అదే పెద్దమ్మ, అదే గంప. బ్రేక్ నొక్కాను. చప్పుడు లేకుండా ఆగింది. ఆమె నావైపు, సైకిల్ వైపు చూసి నవ్వింది.

"ఇయ్యాల మంచిగ ఆగింది," అని రోడ్డు దాటింది.