ఏడాది అధ్యక్షుడు

జూలై ఒకటవ తేదీ బెంగాలులో వానల నడుమ వస్తుంది. ప్రపంచమందలి రోటరీ క్లబ్బులన్నిటికి ఆనాడే సంవత్సరాది. పాత అధ్యక్షుడు దిగుతాడు, క్రొత్తవాడు ఎక్కుతాడు. హుగ్లీ ఒడ్డున, జనపనార మిల్లుల పొగగొట్టముల నీడలో ఉన్న ఒక చిన్న పట్టణములో మందుల దుకాణదారు ఒకాయన ఆ పదవికి వచ్చిన సాయంకాలము కూడ వాన ఎడతెగక కురుస్తున్నది. సభకు వచ్చినవారిలో సగముమంది గొడుగులను ఎక్కడ ఆరబెట్టవలెనా అన్న చింతలోనే ఉన్నారు.

పూలదండల తరువాత ఆయన మెడలో మరియొక హారము పడినది. అది లోహపు బిళ్ళలను గొలుసుగా కూర్చినది. ఒక్కొక్క బిళ్ళమీద ఒక్కొక్క మాజీ అధ్యక్షుని పేరు. కొందరు చనిపోయినారు, కొందరు ఎదుటి వరుసలోనే కూర్చుండి మిఠాయి తింటున్నారు. చివరి బిళ్ళ ఖాళీగా ఉన్నది. దానిమీద చెక్కబోయే పేరు తనదే అని తెలిసినప్పుడు మనిషికి కొంచెము గర్వము కలుగుట సహజమే. ఆయనకును కలిగినది. పట్టణములో తన పేరు నిలిచేటట్లు ఒక పఠనాలయము కట్టించవలెనని ఆయన ఆరు నెలలుగా అనుకొంటున్నాడు. గోడలో పొదగవలసిన పాలరాతి పలక కొలతలు కూడ ఆయన మనస్సులో సిద్ధముగా ఉన్నవి.

1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హారిస్ అను న్యాయవాది మరి ముగ్గురితో కలసి కూర్చున్న సమావేశము ఈ సంస్థకు పుట్టుక. ఒకనాడు ఒకరి కార్యాలయములో, మరొకనాడు మరొకరి కార్యాలయములో వంతులవారీగా కలుసుకొనేవారు గనుక 'తిరుగునది' అను భావము వచ్చేటట్లు దానికి పేరు పెట్టుకొన్నారు. సమావేశస్థలము తిరుగుట ఆగిపోయినది గాని పదవి తిరుగుట ఆగలేదు. కలకత్తాకు ఈ క్లబ్బు 1920లో వచ్చినది. 1962లో కలకత్తావారైన నీతీశ్ లాహరీ ఆసియా ఖండమునుండి మొట్టమొదటి ప్రపంచాధ్యక్షుడైనాడు. ఆయనకు కూడ దక్కినది ఒక్క సంవత్సరమే.

మరునాడు కోశాధికారిణి వచ్చి దస్త్రముల కట్టను బల్లమీద పెట్టినది. ఆమె బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని. స్త్రీలను చేర్చుకొనుటకు ఈ సంస్థ నియమావళి 1989లోగాని మారలేదు; అంతవరకు ఇన్ని క్లబ్బుల లెక్కలు ఎట్లు తేలినవో అని ఆమెను చూచినవారికెవరికైనను అనిపిస్తుంది. బ్యాంకు పుస్తకము, చందా బాకీల పట్టిక, సమావేశముల పుస్తకము, గంట, చిన్న కొయ్యసుత్తి అప్పగించిన తరువాత ఆమె నెమ్మదిగా అన్నది:

"మిల్లు బస్తీ బడి దగ్గర బోరింగు నాలుగు నెలలుగా పనిచేయడము లేదు. పిల్లలు రోడ్డు దాటి నీళ్ళు తెచ్చుకొంటున్నారు."

ఆ బోరింగు దిగిపోయిన అధ్యక్షుడు వేయించినది. ఆయన వయస్సులో పెద్దవాడు, చిరకాల మిత్రుడు. దానిని గూర్చి సమావేశములో ఎత్తితే ఆయన ముఖము చిన్నబోతుంది. ఎత్తకపోతే పఠనాలయమునకు డబ్బు మిగులుతుంది. ఈ రెండు సంగతులు ఒకే వైపునకు మొగ్గు చూపుతున్నవని గ్రహించినప్పుడు దుకాణదారునకు తనమీదనే అనుమానము కలిగినది.

ఏడాది పదవిలో ఉన్న చిక్కు ఇదే. ప్రతివానికి ప్రారంభోత్సవము కావలెను. మరమ్మతునకు రిబ్బను కత్తిరించేవారు లేరు. అయితే ఈ సంస్థ చేసిన గొప్ప పని ప్రారంభోత్సవములతో జరిగినది కాదు. పోలియోను రూపుమాపే ఉద్యమమును రోటరీ 1985లో చేపట్టినది. 1995 నుండి మన దేశమంతట పల్స్ పోలియో దినములు జరిగినవి. ప్రభుత్వపు సిబ్బందితోపాటు క్లబ్బు సభ్యులు చుక్కలమందు కేంద్రముల వద్ద నిలబడినారు. దేశములో చివరి కేసు 2011 జనవరి 13న హౌరా జిల్లాలో, అనగా ఈ పట్టణమునకు ఎంతో దూరము లేని చోటనే, ఒక పసిపిల్లకు కనబడినది. ఈలోగా ఒక్కొక్క క్లబ్బులో ఇరువదియారుగురు అధ్యక్షులు మారినారు. వారిలో ఏ ఒక్కరును ఆ పనిని నా ఏలుబడిలో ముగించినాను అనగలవాడు కాడు. ముందటివాడు వదలిన చోటునుండి అందుకొన్నారు, అంతే.

ఆ సాయంకాలము దుకాణము మూసి ఆయన మిత్రుని ఇంటికి వెళ్ళినాడు.

"దాదా, బస్తీదాకా ఒకసారి నడచి వద్దామా?"

పెద్దాయనకు సంగతి అర్థమైనది. మాట్లాడకుండ గొడుగు తీసుకొన్నాడు. బడి ముందర శిలాఫలకము వానలో కడిగినట్లు మెరుస్తున్నది. పెద్దాయన పిడి పట్టుకొని నాలుగుసార్లు కొట్టినాడు. గాలి చప్పుడు తప్ప ఏమియు రాలేదు.

"నాకు ఫాల్గుణములోనే తెలుసు," అన్నాడాయన. "దిగిపోయేలోపల చెప్పడానికి సిగ్గువేసినది."

"ఈ ఏటి మొదటి పద్దు దీనిదే వ్రాయిస్తాను. మీరు దగ్గరుండి చేయించాలి."

పఠనాలయము సంగతి ఆయన ఎత్తలేదు. మొదటి సమావేశములోను ఎత్తలేదు. ఆదివారమునాడు మేస్త్రీ గొట్టములు పైకి లాగి, అరిగి పీలికలైన వాషర్లను తీసి చూపించినాడు. పెద్దాయన అతని తలమీద గొడుగు పట్టుకొని నిలబడినాడు. మొదట తుప్పునీరు, తరువాత బురదనీరు, చాలసేపటికి తేటనీరు వచ్చినది. పిల్లలు అప్పటికే పిడికోసము పోట్లాడుకొంటున్నారు. కోశాధికారిణి మాత్రము మేస్త్రీ వద్దకు వెళ్ళి రసీదు అడిగినది.